కాలువలు కట్టేశాక పాడి గేదెల్ని ఎలా చూసుకోవాలి

మా కోనసీమలో పాడి ఉన్న ఇంటికి ఎండాకాలం కాలువ కట్టేసిన రోజునే మొదలవుతుంది. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు అవుతుండగానే ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీళ్ళు ఆపేస్తారు. నాలుగైదు రోజుల్లో బోదెలు, అంటే చేలకి నీళ్ళు పారే చిన్న కాలువలు, అడుగంటుతాయి. వారం తిరిగేసరికి గేదె పొర్లడానికి గుంట వెతుక్కుంటూ ఉంటుంది. మళ్ళీ జూన్‌లో నీళ్ళు వదిలేదాకా నెలన్నరకి పైగా ఎండ, దాంతోపాటు ఉక్క. ఈ రోజుల్లో పాలు తగ్గితే అందరం ముందు దాణా పెంచుతాం. నేనూ కొన్నేళ్ళు అదే చేశాను. ఖర్చు పెరిగింది కానీ పాలు పెరగలేదు. గేదెకి కావలసింది నీళ్ళు, ఆ తరవాత సరైన వేళ, ఆ తరవాతే మేత. ఆరు గేదెలతో, ఎకరం కొబ్బరితోటతో, రెండెకరాల వరిచేలో నేను నేర్చుకున్నది ఈ వరసలోనే చెబుతాను.

కాలువ కట్టకముందే లెక్క వేసుకోండి

కాలువలు కట్టే తేదీ ముందే ప్రకటిస్తారు. ఆ కబురు తెలిసిన రోజే మీ పాకలో ఎన్ని నోళ్ళున్నాయో చూసుకుని రెండు లెక్కలు వేయండి.

మొదటిది గడ్డి. పెద్ద గేదెకి రోజుకి 6 కిలోల ఎండుగడ్డి అనుకుంటే 90 రోజులకి 540 కిలోలు. పచ్చిమేత తగ్గే రోజులు కాబట్టి తలకి 600 కిలోలు పెట్టుకోండి. దాళ్వా ఎకరానికి రెండు టన్నుల గడ్డి దాకా వస్తుంది. కానీ ఇప్పుడు కోతలన్నీ మిషన్ మీదే. మిషన్ వెనక పడ్డ గడ్డి నలిగి చేలో చెదిరిపోతుంది. రెండు మూడు రోజుల్లో కట్టలు కట్టించకపోతే మంచుకి తడిసి నల్లబడుతుంది, లేదంటే పక్క చేలోవాళ్ళు పెట్టిన నిప్పు మీ చేలోకీ వస్తుంది. కట్టలు కట్టే యంత్రం కోసం కోతకి ముందే మాట్లాడుకోండి. గడ్డిమేటు వేసేటప్పుడు అడుగున కొబ్బరి మట్టలు పరవండి, నేల చెమ్మ పైకి ఎక్కదు. బూజు పట్టిన గడ్డి ఎంత ఉన్నా ఎరువుగుంటకే వెయ్యండి. చూడి గేదెకి అసలు పెట్టకండి.

రెండోది నీళ్ళు. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి.

నీళ్ళు

పాలిచ్చే గేదె ఎండాకాలంలో రోజుకి 70, 80 లీటర్లు తాగుతుంది. కడగడానికి కనీసం మరో అంత కావాలి. ఆరు గేదెలంటే రోజుకి వెయ్యి లీటర్ల మాట. పాకలో తాగుడు తొట్టి నీడలో ఉండాలి, రోజంతా నిండి ఉండాలి. మూడు పూటలా బకెట్లతో పెడితే గేదె పెట్టినంతే తాగుతుంది, కావలసినంత తాగదు. ఈ తేడాయే రోజుకి లీటరు పాల దాకా ఉంటుందని నేను నా పాకలోనే చూశాను.

మధ్యాహ్నం బోరు మోటారు వేసి పైపు నేరుగా తొట్టిలో పెట్టకండి. ఎండలో పడి ఉన్న నల్ల పైపులో నీళ్ళు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. ముందు వచ్చే నీళ్ళు కొబ్బరి మొదళ్ళకి వదిలేసి, చల్లగా వచ్చాక తొట్టికి మళ్ళించండి. పది పదిహేను రోజులకోసారి తొట్టి కడిగి లోపల సున్నం పూయండి. పాచి పట్టదు. మా అత్తగారికి ఒక లెక్క ఉండేది. తొట్టిలో నీళ్ళు దోసిట్లోకి తీసి వాసన చూసేవారు. తనకి తాగబుద్ధి కాకపోతే తొట్టి మొత్తం పారబోయించేవారు. అప్పట్లో చాదస్తం అనుకున్నాను, ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను.

మల్కిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది వైపు ఉన్నవాళ్ళకి ఇంకో బాధ. వేసవిలో బావి, బోరు నీళ్ళు ఉప్పు తేలతాయి. అలాంటి నీళ్ళు గేదె కడుపు నిండా తాగదు, విరోచనాలు కూడా పట్టుకుంటాయి. తాగడానికి మంచినీళ్ళు విడిగా తెచ్చుకుని, ఉప్పునీళ్ళు కడగడానికి వాడుకోండి. రొయ్యల చెరువుల నీళ్ళు దిగే మురుగుకాలువలు ఉన్నచోట గేదెల్ని అందులోకి దిగనివ్వకండి. చూడ్డానికి నీళ్ళే, కానీ అందులో ఉప్పుతోపాటు ఆ చెరువుల్లో వేసిన మందులూ ఉంటాయి.

ఇక ఒళ్ళు చల్లబరచడం. గేదె చర్మం నల్లగా ఉంటుంది, జుట్టు పలచన, చెమట గ్రంథులు ఆవుకన్నా చాలా తక్కువ. ఒంట్లో వేడి బయటికి పోవాలంటే పైనుంచి నీళ్ళు పడాలి, లేదా అది నీళ్ళలో పడుకోవాలి. చెరువు ఉంటే 11 నుంచి 3 దాకా చెరువే దానికి ఇల్లు. చెరువు లేనివాళ్ళు పొద్దున 10కి, మధ్యాహ్నం 12కి, 2కి, 4కి ఒంటి మీద నీళ్ళు కొట్టండి. తల, మెడ, కాళ్ళ మధ్య బాగా తడవాలి.

మన డెల్టా వాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అనంతపురం వైపు పొడి ఎండ. అక్కడ కాస్త నీళ్ళు చల్లితే అవి ఆవిరై ఒళ్ళు చల్లబడుతుంది. మన దగ్గర గాలిలోనే తేమ. నాలుగు వైపులా గోనెపట్టాలు కట్టి, లోపల నీళ్ళు చల్లి, గాలి ఆడకుండా చేస్తే పాక ఆవిరి గదిలా అవుతుంది. గేదె ఇంకా రొప్పుతుంది. ఉక్క ఉన్న రోజున నీళ్ళతోపాటు గాలి తప్పనిసరి. దక్షిణం, తూర్పు వైపుల తడికలు తీసేయండి. సాయంత్రం సముద్రపు గాలి ఆ వైపునుంచే వస్తుంది. పట్టాలు కట్టాలంటే పడమటి ఎండ కొట్టే వైపు మాత్రమే కట్టండి. ఫ్యాను పెడితే గేదె కొమ్ముకి అందనంత ఎత్తులో పెట్టండి, వైరు నేల మీద ఉండకూడదు, ఎర్తింగు సరిగ్గా ఉండాలి. తడి నేల మీద నిలబడ్డ పశువుకి చిన్న షాకు కూడా ప్రాణం తీస్తుంది.

పైకప్పు తాటాకైతే మీరు అదృష్టవంతులు. రేకులైతే వాటిపైన తాటాకో కొబ్బరాకో ఒక వరస వేసి తాళ్ళతో కట్టేయండి. కొబ్బరితోటలో కట్టేసేవాళ్ళు చెట్టు మొదట్లో కట్టకండి. కాయ, ఎండు మట్ట ఎప్పుడు పడేదీ చెప్పలేం. నాలుగు చెట్ల మధ్యలో గూటం పాతి, నీడ జరిగేకొద్దీ పలుపు మార్చండి.

వేళ మార్చండి

గడ్డి పొట్టలో పులిసి అరిగేటప్పుడు వేడి పుడుతుంది. తిన్న మూడు నాలుగు గంటలకి ఆ వేడి బాగా పెరుగుతుంది. పొద్దున 9కి గాడి నిండా ఎండుగడ్డి వేస్తే ఆ వేడి సరిగ్గా మిట్టమధ్యాహ్నం ఎండకి తోడవుతుంది. అందుకే ఎండుగడ్డిలో ముప్పాతిక వంతు రాత్రికి మార్చండి. సాయంత్రం 7 తరవాత సగం, పడుకోబోయే ముందు 10కి మిగతాది. తెల్లవారుజామున 4కి లేచేసరికి గాడి నాకి ఉంటుంది. పగలు పచ్చిమేత, తడిపిన దాణా ఇవ్వండి.

మేతకి తోలడం తెల్లవారుజామున 5 నుంచి 8.30 దాకా, సాయంత్రం 5 నుంచి చీకటిపడేదాకా చాలు. పిల్లల బడి వేళకి గేదెలు ఇంటికి తిరిగి రావాలి. మా ఇంట్లో ఈ వేళలు మార్చిన ఏడాది మావారు మొదట విసుక్కున్నారు. నిద్ర చాలేది కాదు. పదిహేను రోజులకి పాల చిట్టీలో వెన్న శాతం చూశాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఎక్కడ మేపాలి, ఎక్కడ వద్దు

కోసిన చేలు మొదట బాగుంటాయి. మోళ్ళ మధ్య గరిక, గట్ల మీద గడ్డి దొరుకుతుంది. కానీ తోలేముందు మీరు ఒకసారి చేను చుట్టూ నడవండి. మిషన్ లారీలోకి ధాన్యం దింపిన చోట గింజలు కుప్పగా పడి ఉంటాయి. ఆకలి మీద ఉన్న గేదె ఆ ధాన్యం మేసి, నీళ్ళు తాగితే పొట్ట పులిసిపోతుంది, నెమరు ఆగిపోతుంది, రెండు రోజుల్లో లేవలేని స్థితికి వస్తుంది. ఆ గింజలు చీపురుతో ఊడ్చి కోళ్ళకి వెయ్యండి. గడ్డి కట్టలు కట్టిన ప్లాస్టిక్ దారాలు కూడా ఏరెయ్యండి. మినుము, పెసర చేల గట్లమీద మేపేముందు ఆ రైతుని ఎప్పుడు మందు కొట్టారో అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

చెరువుల అంచు నాకు అన్నిటికన్నా భయం. కాలువ ఆగాక చెరువులు లోపలికి తగ్గుతాయి. తగ్గిన మేర లేత పచ్చగడ్డి మొలుస్తుంది. ఊరంతా ఎండిపోయి ఉంటే గేదె ఆ పచ్చదనానికే పరుగెడుతుంది. ఆ గడ్డి మొదళ్ళకే నత్తల నుంచి వచ్చిన కార్జపు జలగ (కాలేయంలో చేరే పురుగు) పిల్లలు అంటుకుని ఉంటాయి. అక్కడ మేసిన గేదె రెండు మూడు నెలలకి చిక్కిపోతుంది, పారుకుంటుంది, దవడ కింద నీరు దిగి వేలాడుతుంది. అప్పటికి రైతుకి ఆ చెరువు గట్టు గుర్తే ఉండదు, వానాకాలం జబ్బు అనుకుంటాడు. చెరువులో పొర్లనివ్వండి, దాని అంచున మేపకండి. మేపక తప్పకపోతే ఆ గడ్డి కోసి, రెండు మూడు రోజులు బాగా ఎండబెట్టి వెయ్యండి.

లంకల్లో, అంటే గోదావరి మధ్య దిబ్బల మీద, మేపే వీలున్నవాళ్ళకి వేసవి అంత కష్టం అనిపించదు. గౌతమి, వశిష్ఠ పాయలు తగ్గాక లంక గడ్డి దొరుకుతుంది, గాలి ఆడుతుంది, దగ్గర్లోనే నీళ్ళు. కూరగాయల మళ్ళలో మందు కొట్టే రోజులు కనుక్కుని, ఆ వైపు రెండు వారాలు పోనివ్వకండి.

పచ్చిమేత: జొన్న దగ్గర జాగ్రత్త

పది సెంట్లు నేపియర్ ఉన్నా వేసవిలో ప్రాణం లేచొస్తుంది. సూపర్ నేపియర్, కో-4, ఏపీబీఎన్-1, ఏదైనా సరే. మొదటి కోత రెండు నెలలు దాటాక, తరవాత 40, 45 రోజులకోసారి. కొబ్బరితోట నీడలో గినీ గడ్డి బాగా వస్తుంది, మేం రెండు వరసల చెట్ల మధ్య అదే పెంచుతాం. వంటింటి నీళ్ళు, గేదెలు కడిగిన నీళ్ళు చిన్న బోదె తీసి ఆ గడ్డికే పారించండి. కాలువ లేకపోయినా అది ఎండదు. గట్ల మీద అవిశ, సుబాబుల్ ఉంటే కొమ్మలు కొట్టి పచ్చిమేతలో కొంచెం కలపండి. పిల్లిపెసర, జనుము ఎంత మంచివైనా ఉత్తవే పెట్టకండి, ఆకలి మీద మంచు తడితో ఉన్నవి అసలే వద్దు. ఉబ్బరం వస్తుంది. ముందు రెండు చేతుల ఎండుగడ్డి వేసి, ఆ తరవాత కలిపి పెట్టండి.

జొన్న సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నాను. 2015 మే నెల గుర్తుందా? తెలుగు రాష్ట్రాల్లో వేయి మందికి పైగా వడదెబ్బకి పోయిన నెల. ఆ ఏడాది మేతకని వేసిన జొన్న నీళ్ళు లేక మోకాలెత్తు దగ్గరే వడిలిపోయింది. ఎలాగూ ఎండిపోతోంది కదా అని నేనే కోసి రెండు గేదెలకి వేశాను. పావుగంటలో ఒకటి వణికి, నోట నురగ కక్కి పడిపోయింది. డాక్టరుగారు వచ్చేసరికే అది పోయింది. రెండోదానికి సూది మందు పడింది, బతికింది. అదే నాము, అంటే జొన్న విషం. లేత జొన్నలో, బెట్టకి గురైన జొన్నలో, కోశాక మోడు నుంచి వచ్చే పిలకల్లో ఆ విషం ఉంటుంది. తప్పు చేనుది కాదు, నా తొందరది. మీరు జొన్న వేస్తే బాగా తడి ఇచ్చి, పూత దశకి వచ్చాకే కొయ్యండి. వడిలిన దాన్ని పచ్చిగా వెయ్యకండి. మోళ్ళ పిలకల్లోకి గేదెలు పోకుండా కంచె వెయ్యండి. నీళ్ళు సరిపోవనుకుంటే జొన్న మానేసి మొక్కజొన్న వేసుకోండి, నాము భయం ఉండదు.

ఎండుగడ్డిని మాగబెట్టడం

వరిగడ్డిలో మాంసకృత్తులు చాలా తక్కువ. పచ్చిమేత బొత్తిగా లేనివాళ్ళు యూరియాతో మాగబెట్టుకోవచ్చు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్ళు. యూరియా పలుకు లేకుండా పూర్తిగా కరగాలి. టార్పాలిన్ మీద గడ్డి జానెడు మందాన పరిచి, రోజ్‌క్యానుతో ఆ నీళ్ళు సమంగా చల్లి, తొక్కి, పైన ఇంకో వరస. అంతా అయ్యాక గాలి చొరకుండా టార్పాలిన్ కప్పి అంచుల మీద మట్టి వెయ్యండి. 21 రోజులు ముట్టుకోకండి. తీశాక బంగారు రంగులో, ఘాటు వాసనతో ఉంటుంది. వెయ్యబోయే ముందు గంటసేపు గాలికి ఆరబెట్టండి. మొదటి వారం మామూలు గడ్డిలో కొద్దికొద్దిగా కలిపి అలవాటు చెయ్యండి. ఆరు నెలల్లోపు దూడలకి వద్దు. యూరియా కలిపిన నీళ్ళు, యూరియా సంచి గేదె నోటికి అందే చోట ఒక్క నిమిషం కూడా ఉంచకండి.

దాణా, చూడి గేదె

వేసవిలో ఎక్కువమంది నిర్లక్ష్యం చేసేది ఒట్టిపోయిన గేదెనే. పాలు ఇవ్వట్లేదు కదా అని గడ్డి మాత్రం వేసి చేలో వదిలేస్తారు. మన గేదెల్లో చాలా మటుకు శ్రావణం నుంచి కార్తీకం లోపు ఈనుతాయి. చూడి పదో నెల దాకా ఉంటుంది. అంటే వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో కడుపులో దూడ గబగబా పెరుగుతుంటుంది. అప్పుడు పెట్టింది వచ్చే ఈతలో పాలై వస్తుంది. ఈనడానికి రెండు నెలల ముందే పాలు తీయడం ఆపండి. ఆ రెండు నెలలూ మామూలుకన్నా కిలోన్నర, రెండు కిలోల దాణా అదనంగా పెట్టండి.

పాలిచ్చేదానికి ఒంటి పోషణకి కిలోన్నర, ఆపైన ఇచ్చే ప్రతి రెండు లీటర్లకి కిలో దాణా. తవుడు, నూకలు, మినపపొట్టు, వాటికి తోడు ఒక చెక్క. మాకు కొబ్బరి వ్యాపారానికి పేరున్న అంబాజీపేట దగ్గర కాబట్టి కొబ్బరిచెక్క తేలిగ్గా దొరుకుతుంది, గేదెలూ ఇష్టంగా తింటాయి. కానీ ఉక్కకి చెక్క, తవుడు రెండూ తొందరగా ముక్కిపోతాయి. వారానికి సరిపడానే తెచ్చుకోండి. దాణాలో రోజుకి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, గుప్పెడు ఉప్పు మరిచిపోవద్దు. వరిగడ్డే ప్రధానంగా తినే గేదెకి సున్నపు ధాతువు (కాల్షియం) ఎప్పుడూ తక్కువే, ఎందుకంటే గడ్డిలోని ఆక్సలేట్లు దాన్ని పట్టేసుకుంటాయి.

ఎద గురించి ఒక్క మాట. వేసవిలో గేదె ఎదకి వచ్చినా అరవదు, పగలు మామూలుగానే ఉంటుంది. రాత్రి పడుకునే ముందు, తెల్లవారుజామున లైటు వేసి చూడండి. జిగురు తీగ వేస్తుందా, మాటిమాటికీ మూత్రం పోస్తుందా, పాలు చేపడం మానేసిందా? పొద్దున కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున చూడి కట్టే సూది వేయించండి.

వడదెబ్బ తగిలితే

నోరు తెరిచి రొప్పుతుంది, చొంగ కారుతుంది, తూలుతుంది, గాడి వైపు చూడదు. థర్మామీటర్ ఇంట్లో పెట్టుకోండి. గేదెకి మామూలు వేడి 101 డిగ్రీల దగ్గర ఉంటుంది, 104 దాటితే ఆగకండి. గాలి ఆడే నీడకి తెచ్చి తల మీద, మెడ మీద, ఒళ్ళంతా ఆపకుండా చల్లటి నీళ్ళు పోయండి. తనంతట తాను తాగగలిగితే బెల్లం, ఉప్పు కలిపిన నీళ్ళు కొంచెం కొంచెంగా పెట్టండి. రొప్పుతున్న గేదె నోరు పైకెత్తి గొట్టంతో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్ళు పోస్తుండగానే ఇంకొకరు పశువైద్యశాలకి గానీ పశువుల అంబులెన్సు నంబరు 1962కి గానీ ఫోన్ చెయ్యాలి.

పాలు పితికాక అరగంట గేదె పడుకోకుండా గాడిలో పచ్చిమేత వెయ్యండి. చనుమొన రంధ్రం మూసుకునేదాకా బురదలోకి వదిలితే పొదుగువాపు వస్తుంది. పాలక్యాను తడిగోనె చుట్టి నీళ్ళ తొట్టిలో దింపండి, గంటలోపు కేంద్రానికి చేర్చండి.

రోహిణి నుంచి మృగశిర దాకా

రోహిణి కార్తె ఎండ ఎంత తీవ్రమైనా ఆ రోజుల్లోనే చెయ్యవలసిన పని ఒకటుంది. తొలకరికి ముందే గొంతువాపు టీకా వేయించాలి. వానలు పడ్డాక జబ్బు రాత్రికి రాత్రి వస్తుంది, మందు వేసే వ్యవధి ఇవ్వదు. టీకాకి వారం పదిరోజుల ముందు నట్టల మందు పట్టించండి. కార్జపు జలగకి మందు వేరే ఉంటుంది, పేడ పరీక్ష చేయించి డాక్టరుగారు చెప్పిందే వాడండి. టీకా చల్లటి పూటే వేయించండి.

కాలువలో నీళ్ళు వచ్చిన రోజు ఊరంతా సంబరమే. గేదెలు కూడా ఆ వాసనకి పలుపు తెంచుకుంటాయి. రెండు మూడు రోజులు పట్టి ఉంచండి. నెలన్నర పాటు కాలువ అడుగున పేరుకున్న చెత్త, చచ్చిన పురుగూ పుట్రా, సీసాలూ ఆ మొదటి నీళ్ళతోనే కొట్టుకొస్తాయి. నీరు తేరుకున్నాక దింపండి. కొత్త చిగురు మేత మొదటి రోజు అరగంట, రెండో రోజు గంట, అలా పెంచండి. లంకల్లో వదిలిన గేదెలుంటే జూన్ నెలాఖరుకల్లా ఇంటికి తోలుకొచ్చేయండి. ఎగువన వానలు మొదలయ్యాయంటే పాయ ఏ రాత్రి పెరుగుతుందో ఇక్కడ ఉన్నవాళ్ళకి తెలియదు.